యుకులేలే మీద రాక్ పాటలు వాయించడం ఎలా

రాక్ పాటను గిటారులాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యమైన యుకులేలే మీద వాయించాలనుకునేవారిలో చాలామంది ఆ పాట కార్డులు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు) వెతికి పట్టుకుని, ఎడమ చేతితో వాటిని జాగ్రత్తగా నొక్కి, కుడి చేతితో పై నుంచి కిందికీ కింది నుంచి పైకీ ఒకే తీరుగా మీటుతూ పోతారు. కార్డులు సరిగ్గానే పడతాయి, స్వరాలూ తప్పవు. అయినా వినేవారికి అది జోలపాటలా వినిపిస్తుందే తప్ప రాక్ పాటలా వినిపించదు. అప్పుడు లోపం వాయిద్యంలో ఉందనుకుని నిరాశపడతారు. నిజానికి లోపం కుడి చేతిలో ఉంటుంది. రాక్ సంగీతంలో ఏ కార్డు మోగింది అన్నదానికంటే, ఆ మోత ఎక్కడ మొదలై ఎక్కడ తెగింది అన్నదే పాటకు ఊపునిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే మెళకువలన్నీ ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

మొదట ఈ వాయిద్యం చేయలేని పనిని తెలుసుకోవడం అవసరం. మామూలు శ్రుతిలో ఉన్న గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. మామూలు శ్రుతిలో ఉన్న యుకులేలేలో అతి తక్కువ స్వరం సి అనే స్వరానికి శ్రుతి చేసిన తీగది, దాని కంపనాలు సుమారు 262. అంటే గిటారులో రాక్ పాటకు బరువునిచ్చే మంద్రస్థాయి మొత్తం యుకులేలేలో అసలు లేనే లేదు. దానికి తోడు నైలాన్ తీగ ఉక్కు తీగలా చాలాసేపు మోగదు. కాబట్టి ఉరుములాంటి మంద్రాన్నీ, ఆంప్లిఫయర్ గర్జననూ అనుకరించబోతే చేతికి మిగిలేది పల్చని నకలు మాత్రమే. మోత త్వరగా ఆగిపోవడమే యుకులేలే బలం అనుకుని, డ్రమ్ముకు దగ్గరగా ఉన్న తీగవాయిద్యంగా దాన్ని వాడుకుంటే పాట నిలబడుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవుల నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవారు 1879లో రేవన్స్‌క్రాగ్ అనే ఓడలో హొనొలులు చేరినప్పుడు, వారి వెంట మషేట్ అనే చిన్న తీగవాయిద్యం కూడా వచ్చింది. ఆ ఓడలోనే వచ్చిన మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసె దో ఎస్పిరితో శాంతో అనే వడ్రంగులు హవాయిలో దొరికే కోవా కర్రతో తయారుచేసిన వాయిద్యమే యుకులేలే అయింది. ఆ పేరుకు హవాయి భాషలో ‘గెంతే పురుగు (ఫ్లీ)’ అన్న అర్థం చెబుతారు, తీగల మీద వేళ్లు గెంతే వేగాన్ని చూసి ఆ పేరు వచ్చిందంటారు. పుట్టుకలోనే అది వేళ్ల వేగానికీ తాళానికీ సంబంధించిన వాయిద్యం. రాక్ సంగీతకారులూ దీన్ని చిన్నచూపు చూడలేదు. ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ 1975 నాటి ఆల్బమ్‌లో ఒక పాటను యుకులేలేతో పాడారు. బీటిల్స్ బృందపు జార్జ్ హ్యారిసన్ జీవితాంతం దీన్ని ప్రేమించారు. ఆయన స్మృతిలో 2002లో లండన్‌లో జరిగిన కచేరీలో అదే బృందపు పాల్ మెకార్ట్‌నీ హ్యారిసన్ పాటనొకదాన్ని యుకులేలేతోనే మొదలుపెట్టారు. పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ 2011లో ఈ వాయిద్యం మీదే ఒక ఆల్బమ్ వెలువరించారు. 1985లో మొదలైన యుకులేలే ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్ దశాబ్దాలుగా రాక్ పాటలను యుకులేలేల గుంపుతో వాయిస్తోంది. వీరిని వినేటప్పుడు కార్డుల కంటే కుడి చేతిని గమనిస్తే ఎక్కువ నేర్చుకోవచ్చు.

వాయిద్యం, తీగలు

యుకులేలేలో నాలుగు ప్రధాన పరిమాణాలు ఉన్నాయి. సొప్రానో అన్నిటికంటే చిన్నది, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు బిగించే పట్టీ) వరకు తీగ పొడవు సుమారు 13 అంగుళాలు. కాన్సర్ట్ సుమారు 15, టెనర్ సుమారు 17, బారిటోన్ 19 నుంచి 20 అంగుళాలు ఉంటాయి. మొదటి మూడింటికీ శ్రుతి ఒకటే: ఒళ్లో పెట్టుకున్నప్పుడు పై నుంచి కిందికి జి, సి, ఇ, ఎ. బారిటోన్ శ్రుతి డి, జి, బి, ఇ. ఇది గిటారు కింది నాలుగు తీగల శ్రుతే కాబట్టి గిటారు వచ్చినవారికి కార్డులన్నీ ముందే వచ్చినట్టు. రాక్ పాటలకోసమే కొనేవారికి నేను టెనర్ సూచిస్తాను. ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే మెట్ల) మధ్య చోటు ఎక్కువగా ఉండడం వల్ల ఏడో ఫ్రెట్ దాటాక కూడా వేళ్లు ఇరుకున పడవు. కేవలం వేగంగా మీటి పాడుకోవాలనుకునేవారికి మాత్రం సొప్రానో ఇచ్చే పొడి, పదునైన చప్పుడు మరే పరిమాణంలోనూ రాదు.

కొనే ముందు ఒక్క పరీక్ష తప్పనిసరిగా చేయాలి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని ప్రతి తీగనూ శ్రుతి చేసిన తర్వాత, అదే తీగను పన్నెండో ఫ్రెట్ వద్ద నొక్కి మీటాలి. సరిగ్గా అదే స్వరం పై స్థాయిలో రావాలి. ట్యూనర్ ముల్లు బాగా పక్కకు జరిగితే ఆ వాయిద్యం మెడ పై భాగంలో ఎప్పుడూ అపశ్రుతే పలుకుతుంది. రాక్ పాటల్లో కార్డు ఆకారాలను మెడ మీద పైకీ కిందికీ జరుపుతూనే ఉంటాం కాబట్టి ఈ లోపాన్ని భరించడం కష్టం. నేను మొదట చూడకుండా తెప్పించుకున్న చవక వాయిద్యంలో ఇదే లోపం ఉండేది. ఆరు నెలలపాటు నా చెవినే అనుమానించాను.

యుకులేలేలో పైన ఉన్న జి తీగ సాధారణంగా సి తీగకంటే హెచ్చు స్థాయిలో ఉంటుంది. పై నుంచి మీటినా కింది నుంచి మీటినా దాదాపు ఒకే కాంతితో మోగడానికి ఇదే కారణం. కార్డులు మీటి పాడేవారికి ఇది వరమే కానీ, మంద్రంలోకి దిగే పలుకులు (చిన్న స్వరవరుసలు, అంటే రిఫ్‌లు) వాయించేటప్పుడు సి తీగ దగ్గరే మెట్లు అయిపోతాయి. ‘లో జి’ అనే తీగను వేయిస్తే కిందికి మరో ఐదు అర స్వరాలు (ఒక్కో ఫ్రెట్‌కు ఒక అర స్వరం) దొరుకుతాయి. హై జి తీగనే వదులు చేసి లో జి చేయాలనుకోకూడదు, అది జారిపోయి పలకదు. అందుకోసం తయారైన తీగనే కొనాలి. నైలాన్ తీగలకోసం చేసిన యుకులేలేకు ఉక్కు తీగలు మాత్రం ఎప్పుడూ వేయకూడదు. ఆ బిగుతుకు బ్రిడ్జ్ ఊడి వస్తుంది. కొత్త తీగలు కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో పదే పదే శ్రుతి చేసుకోవడం తప్ప మరో దారి లేదు. వేసవిలో వాయిద్యాన్ని ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి అతుకులు వదులుతాయి. మన ఎండల్లో ఇది మరచిపోకూడని విషయం.

కుడి చేయి

ఇక అసలు విషయానికి వద్దాం. రాక్ పాటల్లో అత్యధిక భాగం నాలుగు దెబ్బల బార్‌లో (ఆవర్తంలో) నడుస్తాయి, ఒక్కో దెబ్బనూ రెండుగా విడదీస్తే బార్‌కు ఎనిమిది భాగాలు. వీటిని తకధిమి తకధిమి అని నోటితో పలికితే లెక్క తప్పదు. ‘త’, ‘ధి’ దగ్గర చేయి కిందికి, ‘క’, ‘మి’ దగ్గర పైకి రావాలి. తీగలను తాకినా తాకకపోయినా చేయి మాత్రం లోలకంలా ఆగకుండా ఊగుతూనే ఉండాలి. చాలామంది శబ్దం రాకూడని చోట చేతినే ఆపేస్తారు, లయ చెదిరేది అక్కడే.

తాళం వేస్తూ పాట వినడం అలవాటైన మనకు సమం మీద, అంటే మొదటి ‘త’ మీద, బరువు వేయడం సహజంగా వస్తుంది. రాక్‌లో ఆ బరువు రెండు ‘ధి’ల మీదికి మారుతుంది. డ్రమ్ముల్లో స్నేర్ అనే చిన్న డ్రమ్ము పగిలినట్టు మోగేది ఆ రెండు చోట్లే. యుకులేలే మీద ఆ స్నేర్ పనిని చేసేది ‘చక్’ అనే దెబ్బ. చూపుడువేలి గోరు తీగలను కిందికి మీటిన మరుక్షణమే, బొటనవేలి మొదట్లో ఉండే అరచేతి కండ అవే తీగల మీద వాలిపోవాలి. రెండూ వేరు వేరు పనులుగా కాక ఒకే విసురులో జరగాలి. సరిగ్గా పడితే స్వరమేదీ వినిపించదు, అగ్గిపుల్ల గీసినట్టు ఒక పొడి చప్పుడు మాత్రం వస్తుంది. మృదంగంలో మూసి కొట్టే దెబ్బకూ మోగనిచ్చే దెబ్బకూ ఉన్న తేడా తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

మా అక్క కొడుకుకు నేర్పేటప్పుడు మొదటి వారం ఒక్క కార్డు కూడా చెప్పలేదు. ఎడమ చేతి నాలుగు వేళ్లనూ తీగలకు అడ్డంగా, నొక్కకుండా ఆనించి ఉంచి, కుడి చేతితో తకధిమి మాత్రమే మీటమన్నాను. ఏ స్వరమూ పలకని ఆ చప్పుడుతోనే ‘ధి’లు రెండూ గట్టిగా, ‘త’లు మామూలుగా, ‘క’, ‘మి’లు వేలి కొస తగిలీ తగలనట్టుగా రావాలని చెప్పాను. మొదటి మూడు రోజులు వాడికి విసుగే. ఐదో రోజు సాయంత్రం వాడు హాల్లో కూర్చుని మీటుతుంటే, వంటింట్లో పోపు వేస్తున్న మా అక్క తనకు తెలియకుండానే ప్రతి ‘ధి’ దగ్గరా గరిటెతో మూకుడు అంచు మీద తట్టడం మొదలుపెట్టింది. ఆ రోజే వాడికి మొదటి కార్డు చెప్పాను. ఎవరు నేర్చుకున్నా ఇదే వరుస పాటించడం మంచిది: కార్డు లేకుండానే ఎదుటివారి చేయో కాలో కదిలేదాకా లయను మాత్రమే సాధన చేయాలి. మెట్రోనోమ్‌ను (లయ లెక్క వినిపించే పరికరాన్ని) నిమిషానికి 70 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, చప్పుడు శుభ్రంగా ఉన్నంతవరకే వేగం పెంచాలి.

దీని తర్వాత నేర్వవలసింది ఒకే దిశలో మీటడం. రమోన్స్ బృందపు గిటారిస్టు జానీ రమోన్ పాటంతా కిందికే మీటేవారు, ఆ సంగీతపు మొండిదనం చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. యుకులేలే మీద ఎనిమిది భాగాలనూ కిందికే మీటాలంటే మోచేతితో కాక మణికట్టుతో, చాలా తక్కువ దూరం కదలాలి. వేగమైన పాటలో ఒక చరణం ఇలా సాగించి, పల్లవి రాగానే కిందికీ పైకీ విచ్చలవిడిగా మీటితే, శబ్దం పెంచకుండానే పాట ఒక్కసారిగా విప్పారినట్టు ఉంటుంది. బ్రిడ్జ్‌కు దగ్గరగా మీటితే గట్టి, పదునైన ధ్వని వస్తుంది, మెడ కలిసే చోట మీటితే మెత్తని ధ్వని వస్తుంది. చరణానికి ఒక చోటు, పల్లవికి ఒక చోటు ఎంచుకోవచ్చు.

ఎడమ చేయి: పవర్ కార్డులు

కింద ఇచ్చే ఫ్రెట్ అంకెలు జి, సి, ఇ, ఎ తీగల వరుసలో ఉన్నాయి. సున్నా అంటే తీగను నొక్కకుండా మీటడం.

రాక్ గిటారుకు వెన్నెముక పవర్ కార్డ్. మామూలు కార్డులో షడ్జం, గాంధారం, పంచమం ఉంటే, పవర్ కార్డ్‌లో గాంధారాన్ని తీసేసి షడ్జమ పంచమాలను మాత్రమే ఉంచుతారు. ఒక రకంగా అది మన తంబురా పలికే జంటే. ఆంప్లిఫయర్‌లో ధ్వనిని చిట్లగొట్టినప్పుడు గాంధారం ఉన్న కార్డు గజిబిజిగా మారుతుంది, షడ్జమ పంచమాల జంట మాత్రం చెదరకుండా నిలుస్తుంది, అందుకే గిటారిస్టులు దీన్ని ఎంచుకున్నారు. యుకులేలే మీద ఎ పవర్ కార్డ్ (దీన్ని ఎ5 అని రాస్తారు) 2-4-0-0, సి5 0-0-3-3, డి5 2-2-5-5, ఇ5 4-4-0-2, జి5 0-2-3-5. ఇ5లో జి, సి తీగల నాలుగో ఫ్రెట్ మీద మధ్యవేలు, ఉంగరపువేలు, ఎ తీగ రెండో ఫ్రెట్ మీద చూపుడువేలు ఉంచితే చేయి ఇబ్బంది పడదు. సి5ను రెండు ఫ్రెట్లు జరిపితే డి5, ఐదు ఫ్రెట్లు జరిపితే ఎఫ్5 అవుతాయి. ఆకారం ఒక్కటే, చోటే మారుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక ఇవ్వాలి. చిట్లిన ధ్వని లేని యుకులేలే మీద పవర్ కార్డులు పాటంతా వాయిస్తే చప్పగా, ఖాళీగా ఉంటాయి. చరణంలో ఆపి ఆపి కొట్టే చోట పవర్ కార్డులు వాడి, పల్లవిలో గాంధారంతో సహా పూర్తి కార్డులు మోగించడం నాకు నచ్చిన పద్ధతి. గొంతు, కార్డు రెండూ ఒకేసారి నిండుతాయి.

ఆపి ఆపి కొట్టడంలో ఎడమ చేతికీ పాత్ర ఉంది. నొక్కిన వేళ్లను తీగల మీదే ఉంచి ఒత్తిడి మాత్రం సడలిస్తే మోత వెంటనే ఆగుతుంది. కానీ కార్డులో నొక్కని తీగలు ఉంటే అవి మోగుతూనే ఉంటాయి. సి కార్డ్‌ను అందరూ నేర్చుకునే 0-0-0-3 ఆకారంలో పట్టుకుంటే మూడు తీగలు మన అదుపులో ఉండవు. అదే సి కార్డ్‌ను 5-4-3-3 గా పట్టుకుంటే నాలుగు తీగలూ వేళ్ల కిందే ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు నోరు నొక్కవచ్చు. ఈ ఆకారం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. 2-1-0-0 అనే ఎ కార్డ్‌ను ఒక ఫ్రెట్ జరిపితే 3-2-1-1, అది బి ఫ్లాట్. ఇంకో ఫ్రెట్‌కు 4-3-2-2, అది బి. ఆ తర్వాతది సి. ఏడో ఫ్రెట్ దాకా తీసుకెళ్లి 7-6-5-5 పట్టుకుంటే డి. ఈ ఒక్క ఆకారాన్ని రెండు వారాలు సాధన చేసినవారికి రాక్ పాటల్లో సగం కష్టం తీరిపోతుంది.

రాక్‌కు తల్లిలాంటి పన్నెండు బార్ల బ్లూస్‌ను కూడా ఈ దశలోనే పట్టుకోవాలి. ఎ శ్రుతిలో నాలుగు బార్లు ఎ, రెండు డి, రెండు ఎ, ఒకటి ఇ, ఒకటి డి, చివరి రెండూ ఎ. ఎ వచ్చిన చోటల్లా 2-4-0-0 పట్టుకుని, చూపుడువేలినీ ఉంగరపువేలినీ కదపకుండా, మధ్యవేలితో ఇ తీగను ఒకసారి వదిలి, ఒకసారి రెండో ఫ్రెట్ నొక్కి, ఒకసారి మూడో ఫ్రెట్‌కు జరిపి, మళ్లీ రెండుకు తీసుకురావాలి. 2-4-0-0, 2-4-2-0, 2-4-3-0, 2-4-2-0. ఒక్కొక్కదాన్నీ రెండుసార్లు మీటితే బార్ నిండుతుంది. రైలు చక్రాల్లా దొర్లే ఆ నడక వినగానే ఇది ఎక్కడో విన్నామే అనిపిస్తుంది, ఎందుకంటే 1950ల నాటి రాక్ అండ్ రోల్ చాలావరకు ఈ నడక మీదే నడిచింది. డి, ఇ వచ్చిన చోట డి7కు 2-2-2-3, ఇ7కు 1-2-0-2 సరిపోతాయి.

గిటారు ట్యాబ్‌ను యుకులేలే మీదికి తేవడం

ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెలతో చూపే రాతను ట్యాబ్ అంటారు. రాక్ పాటలకు దొరికే ట్యాబ్‌లలో ఎక్కువ భాగం గిటారుకోసం రాసినవే. వాటిని చూసి యుకులేలే వారు వెనుకాడతారు కానీ, రెండు వాయిద్యాల శ్రుతులను పక్కపక్కన పెట్టి చూస్తే దారి కనిపిస్తుంది. గిటారులో అన్నిటికంటే లావైన రెండు తీగలు ఇ, ఎ. యుకులేలేలో నేలకు దగ్గరగా ఉన్న రెండు తీగలూ ఇ, ఎ లే, కాకపోతే సరిగ్గా రెండు స్థాయిలు పైన ఉన్నాయి. కాబట్టి గిటారు ట్యాబ్‌లో లావు తీగలు రెండింటి మీద మాత్రమే నడిచే పలుకును, అవే అంకెలతో, అదే శ్రుతిలో, యుకులేలే ఇ, ఎ తీగల మీద వాయించవచ్చు. ఉదాహరణకు లావు ఇ తీగ మీద 3, ఎ తీగ మీద 5 అని ఉంటే అది జి5. యుకులేలేలో కూడా ఇ తీగ 3, ఎ తీగ 5 నొక్కితే అదే జి5 వస్తుంది. ఈ సంగతి నాకు తెలిసిన రోజు ఒక పాత ట్యాబ్ పుస్తకం మొత్తం తిరగేసి, లావు తీగల పలుకులన్నీ రాత్రి దాకా వాయించుకున్నాను.

రెండో దారి గిటారు డి, జి తీగలది. ఆ రెండింటి మధ్య దూరమూ, యుకులేలే ఇ, ఎ తీగల మధ్య దూరమూ ఒకటే: షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం వరకు ఉన్నంత. అందువల్ల ఆ తీగల మీద ఉన్న పలుకును అవే అంకెలతో వాయిస్తే ఆకారం చెక్కుచెదరదు, శ్రుతి మాత్రం ఒక పూర్తి స్వరం పెరుగుతుంది. డీప్ పర్పుల్ బృందం 1972లో విడుదల చేసిన ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదట్లో వచ్చే ప్రసిద్ధమైన గిటారు పలుకు ఇలాంటి జంట స్వరాలతోనే నడుస్తుంది. దాని గిటారు ట్యాబ్‌లోని అంకెలను మార్చకుండా యుకులేలే కింది తీగలు రెండింటి మీదా వాయించవచ్చు, జి శ్రుతిలోని పలుకు ఎ శ్రుతిలో వినిపిస్తుంది. వాయించేటప్పుడు రెండు తీగలనూ బొటనవేలూ చూపుడువేలూ చెరొకటిగా పట్టి ఒకేసారి పైకి గిల్లాలి, మీటకూడదు. మీటితే ఒక తీగ ముందు, ఒకటి వెనుక పడి పదును పోతుంది.

కార్డుల పాటలకు శ్రుతి మార్చుకోవడమే సులభం. గిటారుకు ఇ శ్రుతి సహజమైనది కాబట్టి రాక్ పాటలు ఎన్నో ఇ, ఎ, బి కార్డుల మీద నడుస్తాయి. యుకులేలేలో ఇ కార్డ్ 4-4-4-2, కొత్తవారిని ఏడిపించే కార్డ్ అది. దానితో పోరాడకుండా పాట మొత్తాన్ని ఒక స్వరం దించి, మన భాషలో చెప్పాలంటే మూడో శ్రుతి నుంచి రెండో శ్రుతికి తెచ్చి, ఇ బదులు డి 2-2-2-0, ఎ బదులు జి 0-2-3-2, బి బదులు ఎ 2-1-0-0 వాయించాలి. ఏ శ్రుతిలో పాడినా కీర్తన అదే కీర్తన అయినట్టు, కార్డుల మధ్య దూరాలు మారనంతవరకు పాట మారదు. రాక్ గాయకుల్లో చాలామంది తారస్థాయిలో పాడతారు కాబట్టి ఇలా కిందికి దించడం మన గొంతుకూ మేలే. అసలు రికార్డుతో కలిసి వాయించేటప్పుడు అంతా సరిగ్గా ఉన్నా అర స్వరం తేడా వినిపిస్తే కంగారు పడనక్కరలేదు. జిమీ హెండ్రిక్స్ సహా ఎందరో గిటారిస్టులు తీగలన్నిటినీ అర స్వరం దించి రికార్డు చేశారు. యుకులేలే నాలుగు తీగలనూ అంతే దించుకుంటే రెండూ కలుస్తాయి.

నడుమ వచ్చే సోలో

సోలో భాగానికి మన సంగీతం తెలిసినవారికి తయారైన దారి ఒకటి ఉంది. రాక్ గిటారిస్టులు ఎక్కువగా వాడే మైనర్ పెంటటానిక్ స్వరాలూ, మన శుద్ధ ధన్యాసి స్వరాలూ ఒకటే: షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఎ ని షడ్జంగా తీసుకుంటే ఎ తీగ మీద 0, 3, 5, 7, 10, మళ్లీ 12 దగ్గర తారషడ్జం. ఇదే వరుసను సి తీగ మీద 0, 2, 4, ఇ తీగ మీద 0, 3 దగ్గర కూడా పట్టుకోవచ్చు. అవే స్వరాలను సి షడ్జంగా వింటే మోహన అవుతుంది కాబట్టి మేజర్ శ్రుతిలో ఉన్న పాటకూ ఇవి పనికొస్తాయి. మధ్యమ పంచమాల నడుమ ప్రతిమధ్యమాన్ని, అంటే ఎ తీగ ఆరో ఫ్రెట్‌ను, దాటిపోతున్నట్టుగా తాకితే బ్లూస్ వాసన వస్తుంది. అక్కడ ఆగిపోకూడదు.

స్వరాలు ఒకటే అయినా నడక వేరు. గిటారిస్టు ఉక్కు తీగను పక్కకు లాగి స్వరాన్ని ఎక్కిస్తాడు. నైలాన్ తీగను ఎంత లాగినా స్వరం కొంచెమే కదులుతుంది. కాబట్టి లాగడానికి బదులు ఒకటి రెండు ఫ్రెట్లు కింద మొదలుపెట్టి, వేలిని ఎత్తకుండా, మన జారుగమకంలా పైకి జార్చాలి. ఒక స్వరాన్ని చాలాసేపు నిలపాలనిపించిన చోట, నిలవదు కనుక దాన్నే త్వరత్వరగా మళ్లీ మళ్లీ మీటాలి. హవాయి కళాకారుడు జేక్ షిమాబుకురో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో హ్యారిసన్ రాసిన ఒక బీటిల్స్ పాటను వాయించిన వీడియో 2006లో లోకమంతా తిరిగింది. గిటారు ఏడ్చే చోట యుకులేలే ఏం చేయాలో తెలుసుకోవాలంటే అందులో ఆయన కుడి చేతి వేళ్లను చూడాలి.

కరెంటుతో వాయించదలచినవారికి రెండు మాటలు. గిటారుకు వాడే అయస్కాంత పికప్ (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే పరికరం) నైలాన్ తీగను పట్టుకోదు, బ్రిడ్జ్ కింద అమర్చే పీజో పికప్ కావాలి. బోలు పెట్టె ఉన్న యుకులేలేకు ధ్వనిని చిట్లగొట్టే పెడల్ కలిపితే స్పీకర్ ధ్వని తిరిగి పెట్టెలోకి చేరి కూత మొదలవుతుంది. ధ్వని రంధ్రంలో మెత్తని గుడ్డ కూరి, స్పీకర్‌కు ఎదురుగా నిలబడకుండా ఉంటే కొంత అదుపులోకి వస్తుంది. తరచుగా వేదిక మీద వాయించేవారు బోలు లేని ఎలక్ట్రిక్ యుకులేలే కొనుక్కోవడమే మేలు. ఇంట్లో, మిత్రుల మధ్య వాయించేవారికి ఇవేవీ అక్కర లేదు.

చివరి కార్డ్ గురించి చెప్పి ముగిస్తాను. గిటారిస్టు చివరి కార్డ్‌ను కొట్టి, అది గర్జిస్తూ చల్లారేదాకా వదిలేస్తాడు. యుకులేలే అలా వదిలేస్తే రెండు మూడు సెకన్లలో మోత నీరసించి, పాట ముగిసిందో ఆగిందో వినేవారికి తెలియదు. చివరి బార్‌లో మొదటి ‘త’ మీద నాలుగు తీగలూ పూర్తి బలంతో కిందికి మీటి, ‘క’ దాకా మోగనిచ్చి, ‘ధి’ రాగానే కుడి అరచేతిని తీగల మీద పూర్తిగా వాల్చేయాలి, అదే క్షణంలో ఎడమ చేతి వేళ్లనూ సడలించాలి. గదిలో ఎవరైనా మిగిలిన ‘ధి’ని తమ చేత్తో తట్టేదాకా ఆ చేతిని తీగల మీది నుంచి ఎత్తకూడదు.